పైడమ్మ ఊపిరి

అనగా అనగా, ఓడలన్నీ తెరచాపలతోనే నడిచే రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక పల్లె. పల్లె ముందు నీళ్ళ నిండా బండరాళ్ళే. మంచు కమ్మినప్పుడు పైడమ్మ అనే ఆవిడ ఒడ్డున నిలబడి శంఖం ఊదేది. ఆ శబ్దం పట్టుకునే పడవలు రాళ్ళు తప్పించుకుని ఇల్లు చేరేవి. ఆమె కొడుకు ఎల్లాజి కూడా అలాగే వచ్చేవాడు.

పైడమ్మకు అడ్డచుట్ట అలవాటు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పొగ లాగేది. దగ్గు వచ్చినా మానేది కాదు. ఎందుకు మానుతుంది? పక్క బండ మీద ఒక నీటికాకి కూర్చుని, "పొగ గుండెకు వెచ్చన పైడమ్మా. శంఖం ఊదేవాళ్ళకు అదే బలం" అని రోజూ చెప్పేది. నచ్చిన అబద్ధం చెప్పేవాళ్ళంటే ఎవరికైనా ఇష్టమే కదా.

మార్గశిరంలో మొదటి మంచు కమ్మింది. పైడమ్మ ఊదింది. శబ్దం సగంలోనే తెగిపోయింది. పడవలు తడుముకుంటూ పొద్దెక్కాక చేరాయి.

"అమ్మా, నీ శంఖం సరిగ్గా వినపడనేదే" అన్నాడు ఎల్లాజి.

"గాలి ఎదురుగా ఉందిరా" అంది పైడమ్మ. కారణం అది కాదని ఆమెకు తెలుసు.

పుష్యంలో రెండో మంచు కమ్మింది. రెండుసార్లు ఊదేసరికే ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఇసుకలో కూలబడింది. అంతలో కొయ్య విరిగిన చప్పుడు, వెంటనే మనుషుల కేకలు. ఒక పడవ రాతికి కొట్టుకుని ముక్కలైంది. మిగతావాళ్ళు ఈదుకుంటూ ఒడ్డు చేరారు. ఆ పడవ నడిపే ముసలి సరంగు దానయ్య చెక్క పట్టుకుని ప్రాణాలతో బయటపడ్డాడు గానీ, కాలు విరిగింది.

మంచు విచ్చేసరికి పడవలోని చేపలు నీళ్ళ మీద చెల్లాచెదురుగా తేలుతున్నాయి. నీటికాకి వాటిని ఒక్కొక్కటిగా, తాపీగా మింగుతోంది. అది చూసి పైడమ్మకు ఒళ్ళు మండిపోయింది. అంతకన్నా ఎక్కువగా సిగ్గేసింది.

తిన్నగా దానయ్య దగ్గరికి వెళ్ళింది. "బావా, తప్పు గాలిది కాదు, నాదే. నా గుండెల్లో ఊపిరి నేదు. ఇక సుట్ట ముట్టను."

"నా కాలు అతుక్కుంటాది. నువ్వు మాట నిలబెట్టుకో పైడమ్మా" అన్నాడు దానయ్య. "రేపు ఆ నీళ్ళ మీద ఉండేది నీ కొడుకే."

మానేసింది. మానాక సుఖపడిందా? లేదు. కంటి మీద కునుకు లేదు. దగ్గు తగ్గకపోగా ఎక్కువైంది. అదను చూసి నీటికాకి ఎక్కడిదో ఒక చుట్టను ముక్కున కరుచుకొచ్చి ఆమె ముందు పడేసింది.

"చూశావా, పొగ లేక ఎలా అయిపోయావో. ఒక్కటంటే ఒక్కటి ముట్టించు."

పైడమ్మ చెయ్యి చాచింది. వేళ్ళు చుట్టను పట్టుకున్నాయి కూడా. అంతలో అది తాపీగా మింగిన చేపలు గుర్తొచ్చాయి.

"మా పడవ పగిలితే నీకు విందు. నీ మాట నానెందుకు వింతాను?" అని చుట్టను నలిపి పారేసింది.

మాఘం చివర మూడో మంచు కమ్మింది. అరచెయ్యి కనిపించనంత చిక్కటి మంచు. ఎల్లాజి పడవ ఇంకా సముద్రంలోనే ఉంది.

పైడమ్మ ఊదింది. జవాబు లేదు. మళ్ళీ ఊదింది. అలల హోరు తప్ప ఏమీ లేదు. మూడోసారి కాళ్ళు ఇసుకలో తన్నిపట్టి, గుండెల నిండా గాలి పీల్చి ఊదింది. శబ్దం పాత రోజులంత పొడుగ్గా లేదు గానీ, ఎక్కడా తెగలేదు.

"అమ్మా, ఊదుతూనే ఉండు. వస్తన్నాం" అన్న గొంతు మంచులోంచి వినపడింది.

ఆమె కళ్ళ నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. పడవ ఇసుకను తాకి, కొడుకు ఒడ్డున కాలు పెట్టేదాకా శంఖం దించలేదు.

పొగ మానిన కొత్తలో బాధ ఎక్కువైందని వెనక్కి తగ్గకూడదు. ఓర్చుకున్నవాళ్ళకే పోయిన ఊపిరి తిరిగి వస్తుంది.