మూడో ఉతుకు

అనగనగా ఒక పట్నం. ఆ పట్నానికి రాజు రాకముందే, కోట కట్టకముందే, అక్కడొక బావి ఉండేది. బావి చుట్టూ రంగులవాళ్ళ పేట వెలిసింది. ఆ నీళ్ళలో చెట్ల వేళ్ళు ఉడికించి అద్దిన ఎర్రబట్ట ఎన్నేళ్ళయినా వెలిసేది కాదు. దానికోసం ఏడు దేశాల వర్తకులు బళ్ళు కట్టుకుని వచ్చేవారు.

బావి ఓబుళమ్మ పెరట్లో ఉంది. ఓబుళమ్మ రంగు కాగుల దగ్గరే పుట్టి, వాటి దగ్గరే ముసలిదైన మనిషి. మోచేతుల దాకా చేతులు ఎర్రగా ఉండేవి. ఎవరు వచ్చినా చేద అందించేదే తప్ప, ఇది నా బావి అని ఒక్కనాడూ అన్నది కాదు.

ఆ పేటకు ఒక ఆచారం ఉంది. అద్దిన బట్టను మూడుసార్లు ఉతికి ఆరేసేదాకా, అది బాగుందని గానీ బాగాలేదని గానీ ఎవరూ అనకూడదు. మొదటి ఉతుకు మోసం చేస్తుంది, రెండోది ఆశ పెడుతుంది, మూడోదే నిజం చెబుతుంది అనేవారు పెద్దలు.

రాజు భద్రసేనుడు చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డ రాజైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకోవచ్చు. మంచివాడు మంచి చేస్తానని గోడలు కూలుస్తుంటే ఏమని తిడతాం?

నిరుడు వానల్లో ఒక నిండు చూలాలి బండి ఆ పేట ఇరుకు సందులో దిగబడిపోయింది. మంత్రసాని ఇల్లు చేరేలోపే బిడ్డ పోయింది. ఆ మాట విని రాజు రెండు రోజులు అన్నం ముట్టలేదు. పేట తీసేసి వెడల్పు బాట వేయాలనీ, బాట పక్కనే వర్తకులకు రాతి సంత కట్టాలనీ, రంగులవాళ్ళకు ఊరి బయట మిట్ట మీద కొత్త ఇళ్ళు ఇవ్వాలనీ నిశ్చయించాడు.

పేటవాళ్ళను కొలువుకు పిలిపించి, "మిట్ట మీద చోటు మీకు బాగుంటుందా?" అని అడిగాడు. ఒక్కరూ నోరు మెదపలేదు.

"మౌనం అర్ధాంగీకారం ప్రభూ!" అన్నాడు మంత్రి నయనిధి.

మర్నాడే భటులు వచ్చి, కూల్చవలసిన గోడలన్నింటికీ సున్నం గుర్తులు వేశారు. పూడ్చవలసిన బావికీ వేశారు. ఓబుళమ్మ వెళ్ళి బావి గట్టు మీద కూర్చుంది.

భటులు లెమ్మన్నారు. లేవలేదు. మంత్రి వచ్చి, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" అని కసిరాడు. కదల్లేదు. చివరికి రాజే వచ్చాడు.

"అవ్వా, అందరూ సరేనన్నారు కదా. నీకొక్కదానికే ఎందుకీ పట్టు?"

"ఎవరన్నారు దొరా? మూడు ఉతుకులు కాందే మేం దేన్నీ బాగుందనం, బాగాలేదనం. మీరు ఆగితే చెప్పేవాళ్ళం. మీరు ఆగలేదు."

"అయితే ఇప్పుడేం చేయమంటావు?" అన్నాడు రాజు.

"మిట్ట మీది నీళ్ళతో ఒక బట్ట అద్దించండి," అంది ఓబుళమ్మ. "మూడు ఉతుకులకూ రంగు నిలిస్తే, నా ఇల్లు నా చేతులతోనే కూల్చుకుంటాను."

"నీళ్ళు ఎక్కడివైనా నీళ్ళే! ఈమె అద్దితే కావాలనే చెడగొడుతుంది," అన్నాడు మంత్రి. మూడు ఉతుకులూ చూస్తానని రాజు మాట ఇచ్చి, మంత్రి అనుమానం తీరేలా ఆమె మరిది కోనప్పకు ఆ పని అప్పజెప్పాడు. కోనప్పకు మిట్ట మీద రాజుగారు నాలుగు గదుల ఇల్లు ఇస్తామన్నారు. ఇప్పటిదాకా ఒక్క గదిలో తొమ్మిదిమందితో సర్దుకున్నవాడు. ఆ రంగు నిలవాలని కులదైవానికి మొక్కుకుని మరీ అద్దాడు.

మొదటి రోజు ఉతికి ఆరేశారు. బట్ట కుంకుమలా మెరిసింది. మంత్రి గడ్డపారలు తెప్పించాడు.

రెండో రోజు ఉతికారు. కాస్త తగ్గినా ఎరుపు ఎరుపే. "ఇంకా మూడోది దేనికి ప్రభూ? ముహూర్తం దాటిపోతుంది," అన్నాడు మంత్రి. రాజుకూ ఆత్రంగానే ఉంది. కానీ ఓబుళమ్మ ముఖంలోకి చూసి, "మాట ఇచ్చాను. ఆగుదాం," అన్నాడు.

మూడో రోజు కోనప్పే ఉతికాడు. తొట్టిలో నీళ్ళు ఎర్రబడ్డాయి. బట్ట వెలవెలబోయింది. కోనప్ప దాన్ని పిండి, రాజు ముందు పరిచాడు.

"చెప్పు కోనప్పా," అన్నాడు రాజు.

"ఏం చెప్పమంటారు దొరా! ఆ ఇల్లంటే నాకు ప్రాణం. కానీ రంగు నిలవలేదు," అని కోనప్ప భోరుమన్నాడు. ఓబుళమ్మ అతని కన్నీళ్ళు తన కొంగుతో తుడిచింది.

రాజు తల దించుకున్నాడు. ఎర్రబట్ట కొనేవాళ్ళకు సంత కట్టబోయి, ఎర్రబట్టనే పూడ్చిపెట్టబోయాడు మరి. "కానీ అవ్వా, ఆ బండి... ఆ బిడ్డ..." అంటూ ఇరుకు సందు వైపు చూశాడు.

"ఆ తల్లి ఏడుపు మీకు కబురుగా తెలిసింది దొరా. నేను ఈ గుమ్మంలో నిలబడి విన్నాను," అంది ఓబుళమ్మ. లేచి వెళ్ళి వీధి గోడ మీద చెయ్యి వేసింది. "బాటకు నా ముందు గదీ అరుగూ తీసుకోండి. పెరడూ బావీ ఉంటే నాకు చాలు. బాటకు చోటు ఇమ్మని మొదటే అడిగుంటే ఆనాడే ఇచ్చేదాన్ని."

ఆమె ఇవ్వడం చూసి పేటంతా కదిలింది. ఒకరు అరుగు ఇచ్చారు, ఇంకొకరు పంచ ఇచ్చారు. సందు రెండు బళ్ళు పట్టే బాటయింది. సంత మిట్ట మీదికి పోయింది. అక్కడ కోనప్పకు అన్న ప్రకారమే రాజు ఇల్లు ఇచ్చాడు. రోజూ పొద్దున్నే దిగివచ్చి, వదిన బావి నీళ్ళతోనే అతను రంగు కాచేవాడు.

కొత్త బాట మీద మొదట వెళ్ళింది నిరుడు బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి బండే. ఈసారి బిడ్డ దక్కింది. ఓబుళమ్మ ఆ బిడ్డకు ఎర్రబట్ట పంపింది, మూడుసార్లు ఉతికి మరీ.

కాబట్టి పిల్లలూ, పదిమంది మేలు కోసమైనా సరే, ఒకరి గడప మీద చెయ్యి వేసేముందు అడగాలి. అడిగాక, వాళ్ళు నోరు తెరిచి చెప్పేదాకా ఆగాలి.