సందెమ్మ పుల్ల

అప్పుడెప్పుడో, రైలు కూతకి పశువులు పలుపుతాళ్లు తెంపుకునే రోజుల్లో, ఏటి ఒడ్డున ఓ కంచరోళ్ల వాడ ఉండేదట. ఆ వాడలో గవరయ్య ఇత్తడి పోత పోసేవాడు. పెళ్లాం సందెమ్మ అచ్చులకి మట్టి పిసికేది. మట్టి పిసికేదాన్ని మాటెవరడుగుతారు? ఎవరూ అడగలేదు.

ఆ ఊరి రాజుకి ఆవిరిబండి బొమ్మ మీద మనసైంది. నిప్పేస్తే అది నిజంగా నడవాలట. ఓ చిల్లుపడ్డ ఇత్తడి బిందె గవరయ్య ముందు పడేయించాడు.

"బండికి కావలసిన ఇరవై నాలుగు ముక్కలూ దీన్లోనే రావాలి. చాలకపోతే నీ కొలిమి పొరుగూరోళ్లకి."

చక్రాలు, మీటలు, ఈల. ఒక్కోటీ గోరంత. గవరయ్య మైనంతో ముక్క చేస్తే, సందెమ్మ పైన మట్టి మెత్తేది. కాలిస్తే మైనం కారిపోయి లోపల ఖాళీ మిగిలేది. అందులో ఇత్తడి పొయ్యాలి.

మొదటిసారి ఒక్కోటీ విడిగా పోశాడు. ముక్క గోరంత, పోసిన దారిలో గడ్డకట్టింది వేలంత. సగం ముక్కలకే ఇత్తడైపోయింది. అంతా మళ్లీ కరిగిస్తే కొంత పొగైపోయింది.

రెండోసారి మైనపు ముక్కలన్నీ ఒకే కాడకి అరటిగెలలా అతికాడు. ఒక్క పోత. అచ్చు పగలగొడితే కాడ దగ్గరివి బాగున్నాయి, కొసవన్నీ సగం సగమే. ఈలకి నోరే రాలేదు.

"మట్టి సరిగ్గా మెత్తలేదు నువ్వు."

"మట్టి తిరిగి అనదని దాన్నంటున్నావా మావా?"

ఇంకొక్కసారికే ఇత్తడుంది. సందెమ్మకి ఒకటే ధ్యాస. ఇత్తడి కొసదాకా ఎందుకెళ్లలేదు? ఏట్లో చెంబు బోర్లా ముంచింది. నీళ్లెక్కలేదు. కాస్త వాల్చింది. బుడబుడమని గాలొచ్చింది, నీళ్లెక్కాయి.

"మావా, ఇత్తడొస్తే లోపలి గాలి ఎటు పోతాది?"

"గాలికి గుమ్మం కట్టమంటావేటి?"

"నేనే కడతాను."

మూడోసారి ప్రతి ముక్క కొసనా ఓ చీపురుపుల్ల గుచ్చి, మొన బయటికుండేలా మట్టి మెత్తింది. కాలిస్తే పుల్లలు బూడిదయ్యాయి. బూడిద ఊదేస్తే సన్నటి దారులు మిగిలాయి. గవరయ్య పోశాడు. ఒక్కో కన్నంలో ఇత్తడి చుక్క తేలింది. ఒకటి, రెండు, మూడు... ఇరవై నాలుగు.

ముక్కలన్నీ బిగించి రాజు ముందు నిప్పేస్తే బండి నడిచింది, ఈలేసింది.

"ఎలా చేశావురా?" అన్నాడు రాజు.

గవరయ్య దండం పెట్టాడు.

"పోత నాది బాబయ్యా. దారి మా ఇంటిదానిది."

కొలిమి వాళ్లకే ఉండిపోయింది. సందెమ్మ పోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలీదు. ఆ వాడలో ఇప్పటికీ ఇత్తడి పోసేముందు మగాడు ఇంటివైపు తిరిగి "గాలికి దారుందా?" అని అడుగుతాడట. మట్టి పిసికిన ఆడమనిషి "ఉంది" అంటేనే పోస్తాడు. అనకపోతే ఆ పూటకి పోత లేదు.

ఎవరైనా బాధ కడుపులో దాచుకుని మూగగా తిరుగుతుంటే, పక్కన కూర్చుని మెల్లగా అంటారట, "ఓ సందెమ్మ పుల్ల గుచ్చుకోరాదా."