కెప్టెన్ ఆల్డర్టన్ కోటు

మా కూర్మయ్య గురువుగారు ఆశ్రమం కట్టకముందు రేవుపట్నంలో గ్రంథాలయం చూసుకునేవారు. అందుకే ఆయన దగ్గర పురాణాలతోపాటు తెల్లవాళ్ల యుద్ధాల కథలూ బోలెడు.

ఒకనాడు గవరయ్య వచ్చి ఆయన ముందు కూర్చున్నాడు. అబద్ధమాడనని పన్నెండేళ్లుగా వ్రతం పట్టినవాడు. అతనంటే మాకు ప్రాణమే కాని, ఆ వ్రతం సంగతి రోజూ గుర్తుచేస్తేనే కాస్త విసుగు. ఇంటికప్పుకని అడవిలో వెదురు కొట్టిన జోగయ్య ఎక్కడ దాక్కున్నాడో అడవి గార్డులు మొన్న అడిగితే, ఇతను చూపించాడు. జోగయ్యను పట్టుకుపోయారు.

“నిజమే చెప్పానండీ. మరి రెండు రోజులుగా అన్నం ఎందుకు సహించడం లేదు?” అన్నాడు.

గురువుగారు అతని వీపు నిమిరి ఈ కథ చెప్పారు.

నెపోలియన్ సేనలు స్పెయిన్‌లో దిగిన కాలంలో ఆల్డర్టన్ అనే ఇంగ్లీషు కెప్టెన్ ఉండేవాడు. శత్రువుల వెనక్కి వెళ్లి వాళ్ల బలమెంతో ఆరా తీయడం ఆయన పని. అయినా మారువేషం వేసేవాడు కాదు, సైన్యం ఇచ్చిన ఎర్రకోటుతోనే తిరిగేవాడు. కోటుతో దొరికితే యుద్ధఖైదీ, మర్యాద చేస్తారు. లేకుండా దొరికితే గూఢచారి, కాల్చేస్తారు. ఆయన మాత్రం, బట్టతో కూడా అబద్ధమాడనని గర్వపడేవాడు. దారి చూపే గొర్రెల కాపరి తోమేకు కోటు లేదన్న సంగతి ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

ఒక ఉదయం ఇద్దరూ ఫ్రెంచి గుర్రపుదళానికి చిక్కారు. వాళ్ల నాయకుడు ఆల్డర్టన్‌ను భోజనానికి పిలిచి, తోమేను గోడ దగ్గర నిలబెట్టమన్నాడు.

“ఇతను నాకు దారి చూపాడంతే,” అన్నాడు ఆల్డర్టన్.

“కాల్చడానికి అది చాలు.”

ఆల్డర్టన్ గోడ దగ్గరికి వెళ్లి, తన కోటు విప్పి తోమేకు తొడిగాడు. “అధికారి ఈయన. దారి చూపినవాణ్ణి నేను,” అన్నాడు. జన్మలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. అంత చేతకాని అబద్ధం నేను ఎక్కడా చదవలేదు, అన్నారు గురువుగారు.

ఫ్రెంచి నాయకుడు ఇద్దరినీ చాలాసేపు చూశాడు. “ఖైదైన అధికారి వెంట ఒక నౌకరును ఉండనివ్వడం మా ఆచారం,” అని, తోమేకు సలాం చేసి గుర్రమెక్కించాడు. ఆల్డర్టన్ ఉత్త చొక్కాతో, కళ్లెం పట్టుకుని, మూడు రోజులు నడిచాడు. పైన కూర్చున్న తోమే దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాడు.

గవరయ్య కళ్లు తుడుచుకున్నాడు. “మరి ఆయన వ్రతం ఏమైనట్టండీ?”

“ఏమో నాయనా,” అన్నారు గురువుగారు. “ఆయన ఆ రోజు రాసుకున్నదాంట్లో వ్రతం మాటే లేదు. కోటు చేతులు తోమేకు మరీ పొడుగయ్యాయని మాత్రం ఉంది.”