నేరేడి కుడిచెయ్యి

ఇప్పపూలు రాలే రోజుల్లో రాళ్ళకొండ మీద గాలికే మత్తెక్కినట్టుండేది. ఆ కొండ మీద ఒక కొండముచ్చుల మంద. అందులో నేరేడి, ఆమె మొగుడు తంగేడు. నేరేడుపండులా నిగనిగలాడే ఆమె మొహం చూస్తూ కూర్చుంటే తంగేడుకి ఆకలి కూడా తెలిసేది కాదు.

అలాంటి నేరేడికి ఆ చలికాలం రొమ్ములో గడ్డ లేచింది. చంకలో బిళ్ళలు కట్టాయి. అడవికంతా డాక్టరమ్మ వడ్రంగిపిట్టే. చెట్టులోంచి పురుగుని తీసినంత నేర్పుగా ఆ రొమ్మునీ, చంకలో బిళ్ళల్నీ తీసేసింది. గిజిగాడు సన్నటి నారతో కుట్లు వేశాడు. ప్రాణం దక్కింది, గాయం మానింది. కుడిచెయ్యి మాత్రం పక్కటెముకలకి అతుక్కుపోయినట్టు ఉండిపోయింది.

"రోజూ కొంచెం కొంచెంగా ఎత్తు," అని డాక్టరమ్మ చెప్పే వెళ్ళింది. ఎత్తబోతే చంకలోంచి మోచేతి దాకా లోపల ఎవరో తీగ పట్టుకుని లాగినట్టుండేది. సరిగ్గా అప్పుడే నక్కత్త పరామర్శకి వచ్చింది.

"అయ్యో తల్లీ, ఎత్తకే! కుట్లు పుటుక్కున తెగిపోతాయి. మా మేనకోడలు ఇలాగే ఎత్తి..." అని కళ్ళు తుడుచుకుంది.

"ఏమైందత్తా?"

"నేను చెప్పలేను, నువ్వు వినలేవు."

తంగేడు హడలిపోయాడు. "నువ్వు కదలకు. నీ రెండు చేతులూ నేనే," అన్నాడు. చిగుళ్ళు తెచ్చి నోట్లో పెట్టేవాడు. నీళ్ళకి వీపున ఎక్కించుకుని దింపేవాడు.

"ఎంత అదృష్టమే నీది!" అని నక్కత్త చెట్టు కింద నుంచి మురిసిపోయేది.

ఎండలు ముదిరితే కొండ మీద ఊట ఎండిపోతుంది. ఏటా అప్పుడు మందంతా లోయ మీదుగా అవతలి కొండకి దూకుతుంది. రెండు చేతులూ చాచి అవతలి మద్దికొమ్మ పట్టుకోవాలి. దూకలేనివాళ్ళు ఇక్కడే ఉండిపోవాలి.

"నేను దూకలేకపోతే?" అంది నేరేడి ఒకరోజు.

"నేనూ ఉండిపోతా. నువ్వు లేని కొండ నాకెందుకు?"

ఆ మాటకి ఇంకెప్పుడైనా అయితే ఆమె కరిగిపోయేది. ఇప్పుడు మాత్రం ఒళ్ళు చల్లబడింది. తన చేతితో ఇతని ప్రాణం కూడా ముడిపడి ఉందా అనుకుంది.

ఇంతలో డాక్టరమ్మ చూడటానికి వచ్చింది. "ఏమయ్యా, ఈ చెయ్యి నీదా, నీ పెళ్ళానిదా? దాని పనంతా నువ్వే చేస్తుంటే అదింకెందుకు లేస్తుంది?"

"కుట్లు తెగుతాయేమోనని..." అంది నేరేడి.

"కుట్లు విప్పించి ఎన్నాళ్ళయింది! లాగితే తెగుతున్నట్టు కాదమ్మా, బిగిసింది సాగుతున్నట్టు. కోసినట్టు నొప్పొస్తే ఆగు. వాచితే నాకు కబురు పెట్టు. అంతే."

నేరేడి తలూపింది. కానీ మనసులో దూరిన భయం ఒక్క మాటతో పోతుందా? చెయ్యి లేవలేదు.

మర్నాడు తంగేడు వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టాడు. "అబ్బ, ఒకటే దురద. పేలు చూడవూ?"

కొండముచ్చుల్లో ఆలుమగలు ఒకరికొకరు పేలు చూడకపోతే తెగతెంపులైనట్టే. పైగా ఎడంచెయ్యి తల మీద వేస్తే అంతకన్నా అవమానం లేదు. నేరేడి పళ్ళు బిగించి కుడిచేతి వేళ్ళు కదిపింది.

ఒళ్ళో తల పెట్టినవాడు కొన్నాళ్ళకి పక్కన కూర్చున్నాడు.

"ఇటెందుకు జరిగావ్?"

"ఒళ్ళో ఉక్కగా ఉంది."

ఇంకొన్నాళ్ళకి పై కొమ్మెక్కాడు.

"అక్కడెందుకు?"

"ఇక్కడ గాలొస్తోంది."

"నీ తలలో ఒక్క పేనూ లేదు!"

"సరిగ్గా చూడు. నడినెత్తి మీదుంది."

ఆమె వేళ్ళు మాను మీద చీమల్లా పైపైకి పాకేవి. లోపలి తీగ లాగేది. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"ఆపుదామా?"

"నోరు మూసుకుని తల వంచు."

ఒకసారి అలా ఎత్తినప్పుడు, ఇన్నాళ్ళూ చేతి కింద దాచుకున్న మచ్చ బయటపడింది. "చూడకు," అంది గబుక్కున.

తంగేడు చూశాడు. "పాపం, అక్కడ ఎండ తగిలి ఎన్నాళ్ళయిందో! తగలనీ," అన్నాడు మెల్లగా. ఆమె చెయ్యి దించలేదు.

నక్కత్త మళ్ళీ వచ్చేసరికి నేరేడి ఎప్పటిలాగే చెయ్యి ముడుచుకుని కూర్చుంది. "అత్తా, మందంతా వెళ్ళిపోతే మా గతేంటి?"

"నేను లేనూ! కిందికి దిగొచ్చేయండి, నా పొద పక్కనే ఉందురుగాని. అతనూ నీతో ఉంటాడుగా? మాంచి కండ పట్టాడు... అంటే, ఆరోగ్యంగా ఉన్నాడని."

నేరేడికి అంతా తెలిసిపోయింది. "అలాగే అత్తా. చెయ్యి అస్సలు కదపను," అంది.

ఊట ఎండింది. మందంతా ఒక్కొక్కరే లోయ దాటుతున్నారు. నక్కత్త విందుకని చుట్టాలందరినీ వెంటబెట్టుకుని చెట్టు కిందికి చేరింది. పైన ఇద్దరే మిగిలారు.

"ముందు నువ్వు దూకు," అంది నేరేడి.

"నిన్నొదిలా?"

"నువ్వు ఇక్కడుంటే నేనెవరి దగ్గరికి దూకను?"

తంగేడు దూకి అవతల నిలబడ్డాడు. నేరేడి ఊపిరి బిగబట్టి ఎగిరింది. కుడిచెయ్యి ఎడమదంత ఎత్తు లేవలేదు, కానీ కొమ్మ అందేటంత లేచింది. చంకలో సర్రున లాగింది. వేళ్ళు కొమ్మని పట్టుకున్నాయి.

"అమ్మాయీ! కుట్లే!" అని అరిచింది నక్కత్త.

"అవెప్పుడో విప్పేశారత్తా!"

కింద చుట్టాలంతా నక్కత్త మీద పడ్డారు. "కొండ దాటించి తీసుకొచ్చావ్, విందేదీ?" నక్కత్త తోక ముడిచి పొదల్లోకి పరిగెత్తింది.

మద్దిచెట్టు మీద నేరేడి తనంతట తానే ఒక చిగురు తుంచుకుని, సగం కొరికి, మిగతా సగం తంగేడు నోట్లో పెట్టింది.

నీతి: కదలొద్దని తియ్యగా చెప్పేవాళ్ళంతా మన మేలు కోరేవాళ్ళు కారు, నొప్పి పక్కన కూర్చుని కదిలించేవాళ్ళే అయినవాళ్ళు.