ఉరుము పిలిస్తేనే

ఒకప్పుడు పుట్టగొడుగులకు వానాకాలం, ఎండాకాలం అన్న తేడా ఉండేది కాదు. ఏడాది పొడవునా అందరి వాకిళ్లలోనే మొలిచేవి. ఎవరైనా గంప పట్టుకుని బయటికొస్తే చాలు, "నన్ను కొయ్యి, నన్ను కొయ్యి" అంటూ మెడలు సాచేవి.

ఆ రోజుల్లో కొండవాలున కాసులమ్మ అనే ఆమె ఉండేది. ఆమె, మొగుడు లక్కన్న, అత్త, కూతురు సుక్రి, ఇంట్లో నలుగురు. రోజూ పుట్టగొడుగుల కూరే. ఏరేది కాసులమ్మ, కడిగేది కాసులమ్మ, వండేది కాసులమ్మ. తినడానికి మాత్రం నలుగురూ వచ్చేవాళ్లు.

పుట్టగొడుగులు కడగడమంటే మాటలు కాదు. గట్టిగా రుద్దితే విరిగిపోతాయి. మెల్లగా రుద్దితే మట్టి పోదు. నీళ్లలో నాని నాని ఆమె వేళ్లు ముడతలు పడేవి.

అంతా చేసి పులుసు పెడితే, "వేపుడైతే బాగుండేది" అనేవాడు లక్కన్న. మర్నాడు వేపుడు చేస్తే, "నాకు పళ్లు లేవన్న సంగతి మర్చిపోయావా" అనేది అత్త. ఆ మర్నాడు మెత్తగా ఉడికిస్తే, "ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్చొచ్చు కదమ్మా" అని సుక్రి మూతి ముడిచేది.

ఇవి చాలవన్నట్టు వాకిట్లో పుట్టగొడుగులు కూడా అందుకునేవి. "నిన్న మావాళ్లకు ఉప్పు ఎక్కువేశావట కదా, కాసులమ్మా?"

ఒకరోజు ఆమె పొద్దున్నుంచీ పొగలో కూర్చుని మూడు రకాలూ వండింది. ఎవరికి కావలసింది వాళ్లకు వడ్డించింది. లక్కన్న కంచంలోకి చూసి, "మళ్లీ పుట్టగొడుగులేనా?" అన్నాడు. అత్త కంచం పక్కకు జరిపింది. సుక్రి రెండు ముద్దలు తిని లేచిపోయింది.

కాసులమ్మ ఎంగిలి కంచాలు ఎత్తింది. గిన్నెలు తోముదామని బయటికొచ్చింది. వాకిట్లో ఒక పుట్టగొడుగు మెడ సాచి, "రేపు ఏం వండుతున్నావు?" అని అడిగింది.

అంతే, ఆమె ఓపిక తెగిపోయింది. "మీరు లేకపోతే నాకీ పీడే ఉండేది కాదు. పోండి. మళ్లీ నా కంటికి కనబడకండి."

పుట్టగొడుగులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. తలలు ముడుచుకుని, వరసగా నడుచుకుంటూ చెదల పుట్టలోకి వెళ్లిపోయాయి. సంగతి విని మిగతా వాకిళ్లలోవీ వెళ్లిపోయాయి.

నాలుగు రోజులు కాసులమ్మకు ప్రాణం హాయిగా ఉంది. తర్వాత కుండలో చోడి గింజలు అయిపోయాయి. అడవిలో పండు లేదు, దుంప లేదు. కొండమీద అందరిదీ అదే ఆకలి. సుక్రి ఖాళీ గరిటె నాకుతూ కూర్చుంది. అత్త చాప మీద నుంచి లేవలేకపోయింది. కోపం ఇంట్లోవాళ్ల మీదైతే పుట్టగొడుగుల్నెందుకు తిట్టానా అని కాసులమ్మకు తన మీద తనకే చిరాకేసింది.

పుట్ట దగ్గరికెళ్లి పిలిచింది. ఒక చెదపురుగు బయటికొచ్చి, "నీ గొంతు వాటిదాకా చేరదమ్మా. అట్టడుగున అలిగి పడుకున్నాయి. మాతోనూ మాట్లాడటం లేదు" అంది.

కాసులమ్మ తలెత్తి చూసింది. కొండమీదుగా ఉరుము వానను తోలుకుంటూ పోతోంది.

"ఉరుమన్నా, నీది పెద్ద గొంతు. నాది తప్పయిందని వాటికి చెప్పవా?"

"ఊరందరి కబుర్లూ మోయడమేనా నా పని?" అని ఉరుము విసుక్కుంది. అంతలో తల్లి వెనక ఎముకల గూడులా నిలబడ్డ సుక్రి కనిపించింది. ఉరుము నేలకు వంగి, కొండ అదిరేలా పిలిచింది.

కాసేపటికి లోపల్నుంచి జవాబొచ్చింది. "వస్తాం. కానీ ఉరుము పిలిచినప్పుడే వస్తాం. ఒకటి రెండు రోజులే ఉంటాం. రోజూ కనబడబట్టే మీకు చులకనయ్యాం."

మర్నాడు తెల్లవారేసరికి పుట్ట చుట్టూ తెల్లటి తలలు. ఈసారి గంప లక్కన్న పట్టుకున్నాడు. సుక్రి ఒక్కొక్కటీ కడిగింది. అత్త కూర్చున్న చోటి నుంచే పొయ్యి ఊదింది. కాసులమ్మ పులుసొక్కటే పెట్టింది.

అందరూ కంచాలు ఊడ్చుకుని తిన్నారు. లక్కన్న ఏదో అనబోయాడు. కాసులమ్మ గరిటె పట్టుకుని అతని వైపే చూసింది.

"ఇంకొంచెం ఉందా?" అన్నాడతను.

"లేదు. రేపు నువ్వు పొద్దున్నే లేస్తే ఉంటుంది."

అప్పటినుంచే పుట్టగొడుగులు ఉరుము ఉరిమాకే నేలలోంచి తల ఎత్తుతున్నాయి. ఆలస్యంగా లేచినవాళ్లకు దొరక్కుండా రెండో రోజుకే వాడి, నల్లబడి, మళ్లీ మట్టిలోకి వెళ్లిపోతున్నాయి.