చాటింపులో ఒక్క మాట

రాణిగారి ఉంగరం పోయింది. అంతఃపురంలో బట్టలుతికే నూకాలు దొంగిలించిందని చాటమన్నాడు రాజు. డప్పు కొట్టే పైడయ్య మాత్రం ఊరంతా తిరిగి "దొంగిలించిందట" అని చాటాడు.

రాజు మండిపడి పిలిపించాడు. "నా మాటకు 'అట' తోక తగిలిస్తావా?"

"తమరు చూశారా ప్రభూ?"

"కొత్వాలు చెప్పాడు."

"రేపు ఉంగరం ఇంకెక్కడో దొరికిందనుకోండి. 'అట' ఉంటే పుకారని సరిపెట్టుకుంటారు. లేకుంటే తమరే అబద్ధమాడారంటారు."

రాజు ఆ చాటింపును అలాగే ఉండనిచ్చాడు. మూడోనాడు ఉంగరం రాణిగారి గంధపు గిన్నెలోనే దొరికింది.

నూకాలు పైడయ్యకు చేతులెత్తి మొక్కింది. "నీ 'అట' వల్లే అన్నా, ఊళ్లో నలుగురూ నాతో మాట్లాడారు."

రాజు తన శాలువా తీసి పైడయ్యకు కప్పాడు. "నా పరువూ నిలబెట్టావు. రాజు పొరపడ్డాడని చాటు."

"'అట' చేర్చనా ప్రభూ?"

"వద్దు. ఇది నేను కళ్లారా చూశాను."