మోత ఖర్చు

అనగనగా ఒక అడవిలో, కాకి కూడా మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకునేంత ఎత్తున ఒక కొండ ఉండేది. ఆ కొండ మీద ఉన్నది ఒకే ఒక్క కొట్టు. యజమాని చిదంబరం అనే నక్క. కింద సంత నుంచి ఆ కొట్టుకు ఉప్పు బస్తాలు మోసేది గంగులు అనే గాడిద. కూలి రోజుకు దోసెడు జొన్నలు.

గంగులు పిల్లకు పక్కటెముకలు తేలాయి. వానలు మొదలైతే కొండదారి మూసుకుపోతుంది. అందుకని గంగులు ధైర్యం చేసి, "బాబూ, ఇంకో గుప్పెడు జొన్నలు ఇప్పించండి. పిల్ల చిక్కిపోతంది" అన్నాడు.

"ఒరేయ్, ఈ మారుమూల కొండ మీద నీకేం ఖర్చులుంటాయిరా? గాలి ఊరికే, నీళ్లు ఊరికే!" అన్నాడు చిదంబరం. ఎంత దయామయుడో చూడండి, గాలికి వెల కట్టలేదు!

ఆ రోజు కూలి జొన్నలే తిరిగిచ్చి గంగులు ఉప్పు అడిగాడు. కింద సంతలో దోసెడు జొన్నలకు దోసెడు ఉప్పు వస్తుంది. ఇక్కడ చిటికెడు వచ్చింది.

"ఇంత ప్రియమేటి బాబూ?"

"మారుమూల కొండ కదరా! మోత ఖర్చులు మామూలుగా ఉంటాయా?"

నిజమే కాబోలనుకున్నాడు గంగులు. ఆ మోసేవాడెవడో గానీ కొండంతా దోచుకు తింటున్నాడని మేకలూ కుందేళ్లూ తిట్టిపోశాయి. అందరికంటే గట్టిగా తిట్టింది గంగులే.

ఇంటికొచ్చి కూడా తిడుతుంటే భార్య కోటమ్మ విని, "మావా, ఆ మోసేవోడివి నువ్వే కదేటి?" అంది.

గంగులు మెడ తిప్పి, కాయలు కాసిన తన వీపు చూసుకున్నాడు.

మర్నాడు కొట్టుకు వెళ్లలేదు. ఇంటింటా జొన్నలు పోగుచేసి, సంతకెళ్లి అందరికీ ఉప్పు తెచ్చాడు. మోసినందుకు తలా ఒక గుప్పెడు జొన్నలిచ్చారు. ఆ పూట పిల్ల కడుపునిండా తింది.

"మోయడం ఏమంత బ్రహ్మవిద్య!" అని చిదంబరం సంతకు దిగి తానే ఉప్పు బస్తా ఎత్తుకున్నాడు. మొదటి మలుపులో ఒగర్చాడు. రెండో మలుపులో మూలిగాడు. మూడో మలుపులో కూలబడ్డాడు. పైన నల్లగా మబ్బు పట్టింది. ఇంతలో గంగులు అటుగా వచ్చాడు.

"గంగులూ, నాయనా, ఈ బస్తా కాస్త పైకి చేర్చవయ్యా! ఉప్పు కరిగిపోతుంది!"

"అలాగే బాబూ. మారుమూల కొండ కదా, మోత ఖర్చులు మామూలుగా ఉండవు మరి."

"ఎంతేమిటి?"

"ఉప్పు మీద మీరు మా దగ్గర ఎంత లాగుతున్నారో, అంతా."

చిదంబరం నోరు తెరిచాడు. మొదటి చినుకు బస్తా మీద పడింది. నోరు మూసుకుని తలూపాడు.

నీతి: కూలి ఇచ్చేటప్పుడు ఖర్చే లేని, ధర చెప్పేటప్పుడు అన్నీ ఖర్చులే అయ్యే కొండ ఎంత ఎత్తో తేలాలంటే, బస్తా ఒక్కసారి యజమాని వీపుకెక్కాలి.